పిస్తోలు నుదుట గంధం

పోలీసు ఆయుధాగారాల్లో కొత్తగా చేరిన యువకులు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. పెద్ద తుపాకుల గురించి, యుద్ధాల గురించి అడుగుతారు. నేను మాత్రం వారికి ముందుగా ఒక చిన్న ఉక్కు ముక్క గురించి చెబుతాను. చిటికెనవేలంత పొడవుండే ఆ ముక్క 1947 చివరలో, జగ్గయ్యపేట సరిహద్దులో, ఒక నిరపరాధిని జైలు గుమ్మం దాకా తీసుకుపోయింది. అతన్ని అక్కడి దాకా నడిపించిన కాగితం మీద నా సంతకం ఉంది. అతడు లోపలికి వెళ్ళకుండా వెనక్కు తిరిగి వచ్చాడు. అందుకే ఈ సంగతిని ఇంత స్థిమితంగా వ్రాయగలుగుతున్నాను.

బదిలీలు, ప్రమోషన్లు, నాకు దక్కిన మెచ్చుకోలు కాగితాలు ఇక్కడ వ్రాయను. అవి ఎవరికీ ఏమీ నేర్పవు.

పని స్వభావం

ఆర్మరర్ అంటే తుపాకులు బాగుచేసేవాడని లోకం అనుకుంటుంది. బాగుచేయడం మా పనిలో చిన్న భాగం. ఆయుధం మనిషి చేతికి వెళ్ళే ముందు దాన్ని విప్పి చూచి, "ఇది మీరు పేల్చినప్పుడే పేలుతుంది, లేనప్పుడు పేలదు" అని మాట ఇవ్వడం మా అసలు పని. ఆ మాటను మేము నోటితో ఇవ్వం. రిజిస్టరులో "చూడబడినది" అన్న పదం ప్రక్కన సంతకం చేస్తాం. తుపాకి మోసే మనిషి ఆ సంతకాన్ని నమ్మి దాన్ని నడుముకు కట్టుకుంటాడు.

నేను ఇంటర్మీడియెట్ వరకు భౌతికశాస్త్రం చదివి, యుద్ధకాలంలో మద్రాసులోని ఒక సైనిక ఆయుధ కార్యశాలలో శిక్షణ పొందాను. అక్కడ నాకు గురువు దొరస్వామి మేస్త్రీ. ఇంగ్లీషు చదవడం ఆయనకు అంతంతమాత్రమే. కాని ఏ తుపాకినైనా విప్పి, అందులోని ప్రతి భాగం ఎందుకు పుట్టిందో చెప్పగలిగేవారు. "ఇది ఏం చేస్తుంది అని అడగకు నాయనా, అది ఎవడైనా చెబుతాడు. ఎవరికి దెబ్బ తగిలితే ఇది వచ్చింది అని అడుగు" అనేవారు. ఒక్కొక్క భాగాన్ని మా అరచేతిలో పెట్టి, జవాబు చెప్పేవరకు తిరిగి తీసుకునేవారు కారు.

ఆ పిస్తోలు పుట్టుక

మేస్త్రీగారు అందరికంటె ఎక్కువగా బోధించినది అమెరికా సైన్యం 1911లో స్వీకరించిన పిస్తోలు గురించి. యుద్ధంలో ఆ దేశపు సైనికులు మన తూర్పు ప్రాంతాలలో ఉన్నందువల్ల అవి మరమ్మత్తుకు వచ్చేవి. దాని చరిత్ర తెలియకపోతే ఈ కథ అర్థం కాదు కనుక ఆయన చెప్పినంతవరకు ఇక్కడ చెబుతాను.

ఈ శతాబ్దం ఆరంభంలో ఫిలిప్పీను దీవుల్లో పోరాడిన అమెరికా సైనికులు తమ రివాల్వరు గుండు మరీ చిన్నదని, మీదికి వస్తున్న మనిషిని ఆపలేకపోతున్నదని ఫిర్యాదు చేశారు. దానితో సైన్యం అంగుళంలో నూటికి నలభైఅయిదు వంతుల వెడల్పున్న గుండు కావాలని నిర్ణయించింది. రివాల్వరు బదులు, ఒక తూటా పేలగానే తనంతట తానే మరొక తూటాను ఎక్కించుకునే పిస్తోలు కావాలని కూడా కోరింది. అటువంటి పిస్తోళ్ళ మీద అప్పటికే పని చేస్తున్న ఒక ఆయుధశిల్పి తన నమూనాలను ఒకదాని తరువాత ఒకటిగా సైన్యం ముందు పెట్టాడు. సైన్యం ప్రతిసారీ ఏదో ఒక లోపం చూపించేది. అతడు వెళ్ళి మార్చుకుని వచ్చేవాడు.

మొదట గొట్టాన్ని ముందొకటి, వెనుకొకటిగా రెండు చిన్న లంకెలు పట్టి ఉంచేవి. తరువాత వెనుక ఒక్కటే మిగిలింది. పిడిని అరచేయి గట్టిగా అదిమి పట్టుకుంటే తప్ప ట్రిగ్గరు కదలకుండా, పిడి వెనుక ఒక మీట వచ్చింది. గుర్రపు దళం వారు, ఒక చేత్తో కళ్ళెం పట్టుకుని ఉండగా రెండవ చేత్తోనే పిస్తోలును భద్రపరచుకునే వీలు కావాలన్నారు. వారికోసం బొటనవేలితో పైకి నెట్టే మరొక మీట వచ్చింది. చివరి పరీక్షలో, వేడెక్కినప్పుడల్లా నీళ్ళలో ముంచి తీస్తూ ఆరువేల తూటాలు కాల్చారని, పిస్తోలు ఒక్కసారి కూడా మొరాయించలేదని మేస్త్రీగారు తానే ప్రక్కన నిలబడి చూచినంత గర్వంగా చెప్పేవారు. మొదటి మహాయుద్ధం తరువాత కూడా మార్పులు ఆగలేదు. పేల్చినవాడి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ చర్మం నలుగుతున్నదని పిడి పైభాగాన్ని పొడిగించారు. వేళ్ళు పొట్టిగా ఉన్నవారికోసం ట్రిగ్గరును కుదించారు.

ఇక నేను మొదట చెప్పిన ఉక్కు ముక్క, పిన్ను సంగతి. ట్రిగ్గరు నొక్కితే వెనుకనున్న చిన్న సుత్తి, హ్యామరు, వచ్చి పిన్నును కొడుతుంది. పిన్ను ముందుకు పోయి తూటా అడుగున మందును అంటించే క్యాపును కొడుతుంది. అప్పుడే పేలుడు. 1900 నాటి తొలి నమూనాలో గురి చూచుకునే వెనుక గంటును క్రిందికి నొక్కితే పిన్ను కదలకుండా ఆగిపోయే ఏర్పాటు ఉండేది. అది సైనికులకు నచ్చలేదు. శిల్పి దాన్ని తీసివేసి, అంతకంటె తెలివైన పని చేశాడు. పిన్నును అది ఉండే రంధ్రం కన్న పొట్టిగా చేసి, చుట్టూ ఒక స్ప్రింగు పెట్టాడు. హ్యామరు దాని మీద ఊరికే ఆనుకుని ఉన్నా పిన్ను కొన క్యాపును అందదు. హ్యామరు బలంగా కొట్టినప్పుడు మాత్రం ఎగిరివెళ్ళి క్యాపును తాకి, స్ప్రింగు లాగగా వెంటనే వెనక్కు వస్తుంది.

మేస్త్రీగారు ఆ పిన్నును నా అరచేతిలో పెట్టి అన్న మాట ఇది: "పైనున్న మీటలన్నీ ట్రిగ్గరుకు, హ్యామరుకు కాపలా. దీనికి ఏ కాపలా లేదు. దీనికి కాపలా ఈ రంధ్రం శుభ్రమే. అందుకనే పనిముట్టు లేకుండా అర నిమిషంలో బయటకు తీసేట్లు పెట్టాడు."

ఆ మాట నేను నోటుపుస్తకంలో వ్రాసుకుని దాని క్రింద గీత కూడా గీశాను.

తెల్ల రుమాలు

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది వారాలకు నన్ను నందిగామ రిజర్వు పోలీసు క్యాంపుకు పంపారు. గరికపాడు దాటితే అప్పుడు నిజాము రాజ్యం. అవతల అల్లర్లు చెలరేగి, సామాను, పిల్లాపాపలతో జనం బండ్ల మీద జగ్గయ్యపేటకు వస్తున్నారు. సరిహద్దులో నాకాలు, అంటే తనిఖీ కాపలాలు, పెట్టారు. వాటికి కావలసిన ఆయుధాలన్నీ నందిగామలో నా బల్ల మీదుగా వెళ్ళేవి. రైఫిళ్ళతోపాటు, యుద్ధపు మిగులు సరుకులో నుంచి వచ్చిన ఆ అమెరికా పిస్తోళ్ళు అయిదు మా క్యాంపుకు చేరాయి. వాటిని నాకాల మీద అధికారులైన జమేదార్లకు ఇచ్చారు.

మా రిజర్వు ఇన్‌స్పెక్టరు తనిఖీకి జేబులో తెల్ల రుమాలు పెట్టుకుని వచ్చేవాడు. రైఫిలు గొట్టం మీద రుమాలు రుద్ది, మరక అంటితే ఆ కానిస్టేబులు చేత మైదానం చుట్టూ పరుగెత్తించేవాడు. ఆయన చెడ్డవాడు కాడు, కష్టజీవి. కాని రుమాలుకు తెలిసేది ఆయుధపు చర్మం మాత్రమే. కొద్ది వారాలు ఆయన క్రింద పనిచేసేసరికి మనుషులందరూ బయటిభాగాన్ని అద్దంలా తోముతూ, లోపలిభాగాన్ని మరచిపోయారు. వారిని నేను తప్పుపట్టేవాణ్ణి. నాకు తెలియకుండానే నేను కూడా రుమాలు ఆర్మరర్‌ను అయిపోయానని అప్పుడు గ్రహించలేదు.

ఆయుధపూజ

ఆ దసరాకు మా ఆయుధాగారం హెడ్ కానిస్టేబులు కోటయ్య పూజ బాధ్యత తీసుకున్నాడు. నిష్ఠాపరుడు. తెల్లవారకముందే స్నానం చేసి, సానరాయి మీద తానే గంధం తీసి, రైఫిళ్ళను వరుసగా నిలబెట్టి భుజానికి ఆనే చెక్క మడమల మీద బొట్లు పెట్టాడు. తరువాత పిస్తోళ్ళ దగ్గరకు వచ్చి ఆగిపోయాడు.

"దీనికి ఎక్కడ పెట్టాలండీ సుబ్బారావుగారూ? రైఫిలుకైతే మడమ ఉంది. దీని పిడి చూస్తే ఎవరి చేతిలోనైనా చెమట పట్టే చోటాయె."

నేను రిజిస్టరు వ్రాసుకుంటున్నాను. "ఎక్కడో ఒకచోట పెట్టవయ్యా" అన్నాను.

కోటయ్య ఒక పిస్తోలు తీసి అటూఇటూ త్రిప్పి హ్యామరును వెనక్కు లాగాడు. పైనుండే ఉక్కు తొడుగును మేము స్లైడు అంటాం. హ్యామరు తొలగగానే ఆ స్లైడు వెనుకభాగం నడిమధ్యన గుండ్రటి చుక్క ఒకటి కనిపించింది. అది పిన్ను వెనుక కొస.

"ఇదుగోనండీ, దీని నుదురు దొరికింది!" అన్నాడు సంబరంగా. గంధంలో ముంచిన వేలితో ఆ చుక్క మీద అదిమాడు. "వేలు పెడితే లోపలికి పోతోంది, మళ్ళీ బయటికొస్తోందండీ. ప్రాణమున్నదానిలాగానే ఉంది."

నేను తలెత్తి చూచి నవ్వాను. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. వేలు అదిమిన ప్రతిసారీ పిన్ను లోపలికి పోతున్నది, దానితోపాటు తడిగంధమూ పోతున్నది. భౌతికశాస్త్రం చదివినవాణ్ణి, మేస్త్రీగారి శిష్యుణ్ణి, మూడడుగుల దూరంలో కూర్చుని చూస్తున్నాను. భక్తి దగ్గర బోధన ఎందుకని ఊరుకున్నాను. గంధం తరువాత కుంకుమ. అయిదింటికీ అలాగే.

మరునాడు నాకాలకు ఆయుధాలు వెళ్ళాలి. అరవై రైఫిళ్ళు, అయిదు పిస్తోళ్ళు. పిస్తోళ్ళ మీది బొట్లను గుడ్డతో తుడిచాను. గొట్టాల్లోకి వెలుతురు పెట్టి చూచాను. ట్రిగ్గర్లు నొక్కి చూచాను. పిన్నులు తీయలేదు. "చూడబడినది" అని వ్రాసి సంతకం చేశాను.

గరికపాడు నాకా

గరికపాడు నాకాకు జమేదారు వీరభద్రం. నలభై దాటిన మనిషి, పెద్ద మీసాలు, పెద్ద గొంతు. ఆ మీసాలకు మా క్యాంపులో మంచి పేరు ఉండేది.

జగ్గయ్యపేటలో వేరుసెనగ టోకు వ్యాపారం చేసే చలమయ్య శెట్టిగారి బండ్లు వారానికి రెండుసార్లు ఆ దారిన వచ్చేవి. బస్తాల్లో ఆయుధాలు దాచి దాటిస్తున్నారని వార్త రావడంతో ప్రతి బస్తాను ఇనుపచువ్వతో పొడిచి చూడాలని ఉత్తర్వు వచ్చింది. శెట్టిగారికి కోపం వచ్చింది.

"బస్తా బస్తాకీ పొడిస్తే ఎట్టాగండీ జమేదారుగారూ! ఇక్కణ్ణుంచి చిల్లకల్లు దాకా దారంతా కాయలే. మీ మీసాలకి నూనె కావాలంటే చెప్పండి, డబ్బా పంపిస్తా. బండ్లు మాత్రం వదలండి."

కానిస్టేబుళ్ళు నవ్వారు. వీరభద్రానికి అది గుచ్చుకుంది.

"మీసాల సంగతి మీకెందుకండీ శెట్టిగారూ? రేపు రండి. రేపు చెబుతా మీ సంగతి."

ఆ మాట పదిమంది విన్నారు. మరునాడు ప్రొద్దున్నే శెట్టిగారు బండ్లతో వచ్చి నాకా గడకర్ర దగ్గర నిలబడ్డారు. వీరభద్రం అప్పుడే డ్యూటీ ఎక్కాడు. ముందురోజు సాయంత్రం దిగేటప్పుడు నియమం ప్రకారం తూటాలు తీసి, ఖాళీ పిస్తోలు ట్రిగ్గరు ఒకసారి నొక్కి ఒరలో పెట్టుకున్నాడు. ఇప్పుడు తూటాల మ్యాగజైను ఎక్కించి, శెట్టిగారితో ఏదో చెప్పబోతూ ఆయన వైపు తిరిగి, స్లైడును వెనక్కు లాగి వదిలాడు.

రెండు దెబ్బలు పేలాయి. మొదటిది శెట్టిగారి ఎడమ జబ్బ కండలో నుంచి దూసుకుపోయింది. రెండవది బండి గూడుకు తగిలింది. శెట్టిగారు కూలబడ్డారు. వీరభద్రం పిస్తోలు క్రింద పడేసి, "నేను నొక్కలేదు! అమ్మతోడు, నేను నొక్కలేదు!" అని అరుస్తూ ఆయన చేతికి తన తలపాగా కట్టాడు.

దైవవశాత్తు ఎముకకు ఏమీ కాలేదు. జగ్గయ్యపేట డాక్టరు గాయం కడిగి కట్టు కట్టి, నెలలో మానుతుందన్నారు. అక్కడే ఉన్న ఒక కానిస్టేబులు పిస్తోలును తుడవలేదు, ముట్టి చూడలేదు, పడినదాన్ని పడినట్టే గుడ్డలో చుట్టి సీలు వేశాడు. నా ఉద్యోగ జీవితంలో నేను చూచిన ఉత్తమమైన పోలీసు పని అది.

వీరభద్రాన్ని నందిగామ తెచ్చి, బెల్టు తీసుకుని, క్యాంపులోనే ఒక గదిలో పెట్టారు. తన క్రింద పనిచేసే కానిస్టేబుళ్ళే తలుపు దగ్గర కాపలా. పైకి చూస్తే కేసులో అనుమానానికి తావే లేదు. ముందురోజు పదిమంది ఎదుట బెదిరింపు. మరునాడు కాల్పు. అదీ ఒకటి కాదు, రెండు. "ఒకటి పొరపాటున పేలిందంటే నమ్మవచ్చు. రెండు పేలితే దాన్ని పొరపాటంటారా?" అని మా ఇన్‌స్పెక్టరు అన్నాడు. ఉద్యోగం పోవడం ఖాయం, హత్యాయత్నం కేసు తప్పదు, ఆర్మరర్ నివేదిక ఒక్కటే మిగిలింది.

నాకు దొరికిన గంట

సరిహద్దు పనుల్లో చిక్కుకున్న సూపరింటెండెంటుగారు తొమ్మిదవ రోజున నందిగామ ట్రావెలర్సు బంగళాకు వచ్చారు. మధ్యాహ్నం విచారణ. అంతకు ఒక గంట ముందు ఇన్‌స్పెక్టరు సమక్షంలో సీలు విప్పి, పిస్తోలును నాకు అప్పగించి, పరీక్షించి సిద్ధంగా ఉండమన్నారు. తలుపు మూసుకున్నాను.

మూడవ తూటా సగం లోపలికి పోయి అడ్డంగా ఇరుక్కుని ఉంది. ముందు మ్యాగజైను తీశాను. స్లైడును బలంగా వెనక్కు పట్టి, ఆ తూటాను విదిలించి తీశాను. తరువాత తూటా అడుగుభాగం ఆనే ఉక్కు గోడను భూతద్దంలో చూచాను.

రంధ్రంలో నుంచి పిన్ను మొన బయటకు వచ్చి ఉంది. బియ్యపు గింజ చివర అంత. అది ఎప్పుడూ బయట ఉండకూడదు. వేలితో వెనుక చుక్కను కదిపాను, పిన్ను కదలలేదు. రంధ్రంలో బిగుసుకుపోయింది. మొన చుట్టూ పసుపుపచ్చని అంచు ఒకటి గట్టిపడి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కాలిన మందు వాసన. దాని వెనుక, సన్నగా, గంధం.

అప్పుడు నాకు అంతా కనిపించింది. తడిగంధం రంధ్రంలోకి దిగి, వారాల తరబడి ఎండుతూ, తుప్పుతో కలిసి సున్నంలా బిగుసుకుంటూ వచ్చింది. రోజూ సాయంత్రం ఖాళీ ట్రిగ్గరు నొక్కినప్పుడు పిన్ను ముందుకు వెళ్ళి, ప్రతిరోజూ మరికొంత మెల్లగా వెనక్కు వచ్చింది. ఆ సాయంత్రం వెనక్కు రాలేదు. తెల్లవారి స్లైడు మూసుకుంటూనే, బయటకు పొడుచుకు వచ్చి ఉన్న మొన క్యాపును కొట్టింది. పేలిన ధాటికి స్లైడు వెనక్కు వెళ్ళి, మరొక తూటాను తెచ్చుకుని, మూసుకుంటూ మళ్ళీ పేల్చింది. మూడవది ఇరుక్కోబట్టి ఆగింది. ఒక నొక్కుకు ఒకటే పేలే ఈ పిస్తోలులో ఒక్క ఊపున రెండు పేలడమే అతడు నొక్కలేదనడానికి సాక్ష్యం.

గుండె తేలికపడింది. వెంటనే బరువెక్కింది. రిజిస్టరు నా ఎదుటనే ఉంది.

యువకులకు ఈ భాగం దాచకుండా చెప్పాలి. బల్ల మీద కిరసనాయిలు సీసా ఉంది. రెండు చుక్కలు వేసి కాసేపు ఆగితే గంధం కరిగిపోయేది, పిన్ను వదులయ్యేది, పిస్తోలులో ఏ దోషమూ లేదని వ్రాసేవాణ్ణి. నా పేరు భద్రంగా ఉండేది, వీరభద్రం జైలుకు పోయేవాడు. అంత నీచానికి నా మనసు పోలేదు. కాని మరొక దారి నన్ను నిజంగా లాగింది. "తుప్పు వలన పిన్ను బిగిసినది" అని ఒక్క వాక్యం వ్రాస్తే చాలు. అది అబద్ధం కూడా కాదు. వీరభద్రం జైలు తప్పించుకుంటాడు. పిస్తోలును శుభ్రంగా ఉంచుకోనందుకు జమేదారు హోదా మాత్రం పోతుంది. నా దాకా ఎవరూ రారు. ఆ వాక్యాన్ని నేను కాగితం మీద వ్రాశాను. అక్షరాలు కుదురుగా వచ్చాయి. దాన్ని నాలుగుసార్లు చదివి, చింపాను.

ఎందుకు చింపావని అడిగితే గొప్ప కారణమేమీ చెప్పలేను. కిటికీలో నుంచి ఎదురుగా ఆ గది కనిపిస్తున్నది. తలుపు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబులు, లోపలనున్న వీరభద్రానికి మంచినీళ్ళ చెంబు అందిస్తూ, ఎవరూ చూడటం లేదనుకుని సెల్యూటు చేశాడు. అది చూచిన తరువాత ఆ వాక్యం నిలవలేదు.

సూపరింటెండెంటుగారి ముందు

సూపరింటెండెంటుగారు కఠినుడు, క్లుప్తంగా మాట్లాడే మనిషి. బల్లకు ఒక ప్రక్క మా ఇన్‌స్పెక్టరు, మరొక ప్రక్క చేతికి గుడ్డ ఊయల కట్టుకున్న శెట్టిగారు. గోడ దగ్గర బెల్టు లేని వీరభద్రం. తలుపు దగ్గర ఆయుధాగారం తరఫున కోటయ్య.

"ఈ పిస్తోలుకు భద్రత మీటలు ఎన్ని?" అని నన్ను అడిగారు.

"పిడి వెనుక ఒకటి, బొటనవేలి దగ్గర ఒకటి అండి. హ్యామరు సగంలో ఆగే గంటు ఇంకొకటి."

"ఇన్ని ఉండగా వేలు పెట్టకుండా రెండుసార్లు పేలుతుందా?"

"పేలుతుందండి. చూపిస్తాను."

గుండు, మందు తీసివేసి క్యాపు మాత్రం ఉంచిన తూటాలు నేను సిద్ధం చేసుకుని ఉన్నాను. ఒకటి గొట్టంలో పెట్టాను. గొట్టాన్ని ఇసుక బక్కెట్టు వైపు త్రిప్పి, పిడిని అరచేయి తగలకుండా రెండు వేళ్ళతో ప్రక్కల నుంచి పట్టుకున్నాను. ట్రిగ్గరు దరిదాపుల్లో నా వేలు లేదని అందరికీ చూపించాను. స్లైడును వదిలాను.

టప్పుమని క్యాపు పేలింది.

"అయ్యబాబోయ్!" శెట్టిగారు కుర్చీతోసహా వెనక్కు జరిగారు. "మళ్ళీ నా మీదకేనా? ఇంకో చెయ్యి ఒక్కటే మిగిలిందండీ!"

సూపరింటెండెంటుగారు నవ్వలేదు. "మళ్ళీ" అన్నారు. మళ్ళీ చేశాను, మళ్ళీ పేలింది. మూడవసారి ఆయన లేచి వచ్చి నా వేళ్ళకేసి వంగి చూచారు. అప్పుడూ పేలింది.

పిన్ను మీద ఏ మీటకూ అధికారం లేదని, తొలి నమూనాలో ఉన్న కాపలాను తీసివేసి దాని బదులు పొట్టి పిన్ను పెట్టారని, ఆ పిన్ను వెనక్కు రాలేని స్థితిలో ఉంటే స్లైడు మూసుకున్న ప్రతిసారీ పిస్తోలు పేలుతూనే ఉంటుందని, మేస్త్రీగారి దగ్గర నేర్చుకున్నదంతా చెప్పాను. ఆయన ఓపికగా విని శెట్టిగారి వైపు తిరిగారు.

"రెండు దెబ్బల నడుమ ఎంత వ్యవధి ఉంది?"

శెట్టిగారు ఆలోచించారు. "ఎక్కడిదండీ వ్యవధి! ఒకదాని తోక ఇంకోటి పట్టుకుని వచ్చాయి. నేనైతే మొదట ఒకటే అనుకున్నా. బండి గూడులో చిల్లు చూశాకే రెండని తెలిసింది."

ఇప్పుడు పిన్ను తీయవలసి వచ్చింది. మామూలుగా అర నిమిషం పట్టే పని. ఆనాడు చెక్క సుత్తితో తట్టి తట్టి తీయవలసి వచ్చింది. తెల్ల కాగితం మీద పెట్టాను. ఎండిన పసుపుపచ్చని పెచ్చులు, తుప్పు పొడి, కుంకుమ ఎరుపు కాగితం మీద రాలాయి.

"ఏమిటిది?" అన్నారు సూపరింటెండెంటుగారు.

నాకంటె ముందు కోటయ్య ముందుకు వచ్చాడు. వాసన చూడగానే అతని ముఖం పాలిపోయింది. "గంధమండీ. దసరాకి నేనే పెట్టానండీ. మంచి జరుగుతుందని పెట్టా..."

"పెట్టినది కోటయ్యేనండి" అన్నాను. "పెడుతుండగా చూచినవాణ్ణి నేను. అతనికి ఈ రంధ్రం సంగతి తెలియదు, నాకు తెలుసు. మరునాడు పిన్ను తీయకుండా 'చూడబడినది' అని సంతకం చేసినది కూడా నేనే." రిజిస్టరును ఆ పుట దగ్గర తెరిచి ఆయన ముందు పెట్టాను.

ఆయన ఆ పుట చూచారు.

"పిన్ను తీయడానికి ఎంతసేపు పడుతుంది?"

"అర నిమిషమండి."

"పనిముట్లు?"

"అక్కరలేదండి."

"ఆ అర నిమిషం ఏమయింది?"

"నా దగ్గర సమాధానం లేదండి."

ఆయన కలం తీసి వ్రాసుకున్నారు. తరువాత వీరభద్రాన్ని అడిగారు: "ముందురోజు ఆయన్ను బెదిరించావా?"

"బెదిరించలేదండి. పర్మిటు ఉన్న వర్తకుల జాబితా మర్నాటికి వస్తుందన్నారు. అది వస్తే ఆయన బండ్లు పొడవక్కర్లేదని చెబుదామనుకున్నానండి. మీసాల గురించి అన్నారని కోపమొచ్చి నోటికొచ్చినట్టు అన్నా."

శెట్టిగారు తల దించుకున్నారు. "అయ్యా, నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానండి" అన్నారు. "వారం వారం ఆ దారినే పోవాల్సినవాణ్ణి. జమేదారు నన్ను చంపబోయాడనుకుంటే నాకు అన్నం సయించలా. చంపబోలేదని తెలిసింది, అది చాలండి."

తీర్పు అక్కడే చెప్పారు. వీరభద్రం మీద కేసు లేదు. మనిషి వైపు గొట్టం త్రిప్పి తూటా ఎక్కించినందుకు మాత్రం గట్టి హెచ్చరిక. కోటయ్య మీద చర్య లేదు. ఇకమీదట బొట్టు ఆయుధాలున్న పెట్టెకు పెట్టాలి. ఆర్మరర్ సేవాపుస్తకంలో మందలింపు. అది చదివి వినిపిస్తున్నప్పుడు నాకు కలిగినది అవమానం కాదని చెబితే నమ్ముతారా? ఆ గంట నుంచి ఛాతీలో ఇరుక్కున్నది ఏదో బయటపడినట్లు హాయిగా ఉంది.

ఆ సాయంత్రమే మిగిలిన నాలుగు పిస్తోళ్ళనూ తెప్పించి విప్పాను. రెండింటిలో పిన్నులు అప్పటికే బరువుగా కదులుతున్నాయి. ఎవరికీ ఏమీ కాకముందే అవి నా బల్ల మీదకు వచ్చాయి. ఉద్యోగం విడిచేవరకు, విప్పకుండా నేను ఏ ఆయుధానికీ సంతకం చేయలేదు. తొందరపెట్టిన అధికారులు ఉన్నారు. వారిని అర నిమిషం ఆగమన్నాను. ఆగారు.

వీరభద్రం

విచారణ ముగిశాక వరండాలో వీరభద్రానికి బెల్టు తిరిగి ఇచ్చారు. పెట్టుకుంటే రెండు రంధ్రాలు లోపలికి వచ్చింది. నేను ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నా సంతకం వల్ల ఆ మనిషి తొమ్మిది రోజులు గదిలో ఉన్నాడు. తిడతాడని, తిట్టాలని, సిద్ధపడి వెళ్ళాను.

"వీరభద్రంగారూ, తప్పు నాదండి" అన్నాను.

ఆయన నన్ను చూడలేదు. తన కుడిచేతి చూపుడువేలిని ముడుస్తూ, చాపుతూ చూచుకుంటున్నాడు.

"మొదటి రెండ్రోజులు నొక్కలేదనే చెప్పానండీ సుబ్బారావుగారూ. అందరూ నొక్కావు, నొక్కావు అన్నారు. నాలుగోరోజుకి నాకే అనుమానం వచ్చింది. కోపంలో ఉన్నానుగా, నొక్కానేమో, నాకు తెలియకుండానే నొక్కానేమో అని. అన్నం కలుపుతుంటే ఈ వేలు కనబడేది. ఎడంచేత్తో తినడం మొదలెట్టానండి."



వంటశాల దగ్గర కానిస్టేబుళ్ళు భోజనానికి కూర్చుంటున్నారు. వారిలో ఎవరో జరిగి చోటిచ్చారు. వీరభద్రం వెళ్ళి కూర్చుని, విస్తరి ముందుకు లాక్కుని, కుడిచేత్తో అన్నం కలుపుకున్నాడు.